పగడాల పుట్టింటికి

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. సెలవు దొరికితే దేశమంతా మా ఊరికి వస్తుంది. మేమెక్కడికి పోవాలో మాత్రం మాకు తోచదు! నలభై ఏళ్ళ కాపురంలో నేను చేసిన ప్రయాణాలు లెక్కపెడితే, ఇంటికొచ్చిన చుట్టాలను కొండకు తీసుకెళ్ళినవే ఎక్కువ. వేసవిలో పిల్లలు మరీ గొడవ చేస్తే మదనపల్లె మీదుగా హార్సిలీ కొండలకు వెళ్ళేవాళ్ళం. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎండకు తాళలేక కడప కలెక్టరు హార్సిలీ దొర పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ బంగళా కట్టుకున్నాక మల్లమ్మ వెనక్కి పోయి దొర పేరు నిలబడింది. (మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో.) అక్కడ ఉన్న రెండు రోజులూ పులిహోర మూట విప్పడం, మళ్ళీ కట్టడం నా వంతు. విహారయాత్ర అంటే నాకు తెలిసింది అదే.

అలాంటిది ఈ ఏడు మా అమ్మాయి జర్మనీ నుంచి ఫోను చేసి, "అమ్మా, నవంబరులో నాకు వారం సెలవు. నిన్ను మధ్యధరా సముద్రంలో ఒక చిన్న దీవికి తీసుకుపోతా. ఏ దీవో నువ్వే ఏరుకో, టికెట్లు నేను తీస్తా" అంది.

ఏరుకోవడానికి అదేమన్నా చీరల కొట్టా? మాల్టా అట, కాప్రి అట, గ్రీసు దీవులే వందలున్నాయట. ఫోనులో బొమ్మలు చూస్తే అన్నీ ఒకటే మాదిరి. తెల్లని ఇళ్ళు, నీలం నీళ్ళు, గొడుగు కింద పడుకున్న మనుషులు. నేనక్కడ గొడుగు కింద పడుకుని ఏం చెయ్యను?

పక్కింటి వదిన అయితే ఒక్క మాటలో తేల్చేసింది. "ఏంది వదినా, ఈ వయసులో సముద్రం దాటి పోతావా? ఆ పొయ్యేదేదో కాశీకి పో. పుణ్యమన్నా వస్తాది!" నాకూ నిజమే అనిపించింది. వద్దని చెప్పేద్దామనే అనుకున్నాను.

ఇంతలో పాస్‌పోర్టు కాగితాల కోసం బీరువా లోపలి అర వెతుకుతుంటే మాత్రల డబ్బా ఒకటి చేతికి తగిలింది. మా వారి డబ్బా. వారానికి ఏడు గదులున్నది. అందులో ఆదివారం గదిలో రెండు పగడాలున్నాయి. మా అత్తగారు నా పెళ్ళినాడు తన సూత్రాల్లోంచి తీసి నా సూత్రాలకు, పుస్తెలకు అటూ ఇటూ, గుచ్చిన పగడాలు. ఆమెకు వాళ్ళ అత్తగారు ఇచ్చారట. అవి నా మెడలోంచి ఆ డబ్బాలోకి వచ్చి మూడేళ్ళయింది.

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. ఎర్ర సముద్రం ఎక్కడ, నల్ల సముద్రం ఎక్కడ అని పటం మీద బెత్తం పెట్టి అడిగినదాన్ని. నా మెడలో ఉన్న పగడం ఎక్కడ పుట్టిందని మాత్రం ఎన్నడూ అడగలేదు. ముత్యం చంద్రుడికి, పగడం కుజుడికి అని మా అత్తగారు చెప్పారు. నాకదే చాలిపోయింది.

మన సముద్రాల్లోనూ పగడపు దిబ్బలున్నాయి. మన్నారు సింధుశాఖలో ఉన్నాయి, అండమానులో ఉన్నాయి, లక్షద్వీపాలైతే పగడపు దిబ్బలే. కాని అవి పూసలు చేసుకునే ఎర్ర పగడాలు కావు. ఆ ఎర్రది పెరిగేది ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో, దాన్ని ఆనుకున్న అట్లాంటిక్ నీళ్ళలో. జపాను పగడం బజారులోకి పెద్దయెత్తున వచ్చింది పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే. అంతకు ముందు రెండు వేల ఏళ్ళు మన నవరత్నాల్లో పగడమంటే ఆ సముద్రపు పగడమే. మా అత్తగారి పగడాలకు రసీదు లేదు కాబట్టి అవి ఏ నీళ్ళవో ఒట్టేసి చెప్పలేను. అయినా ఆ సాయంత్రం వాటిని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, అమ్మాయి పిలుస్తున్నది వీటి పుట్టింటికే కదా అనిపించింది.

ఇక చదవడం మొదలుపెట్టాను. రోమనులకు మన ముత్యాలంటే ఎంత మోజో, హిందూ దేశస్థులకు పగడాలంటే అంత మోజని ఒకటో శతాబ్దంలోనే ప్లీనీ రాసి పెట్టాడు. 1780లలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతు నాగలికి ఒక కుండ తగిలితే, దాని నిండా రోమను చక్రవర్తుల బంగారు నాణేలే. మరి కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సంగతి? ఏ సరుకుకు ఎంత సుంకమో చెక్కించిన ఆ పట్టికలో కర్పూరం, పన్నీరు, దంతం, పట్టుదారం పక్కనే పగడాలూ ఉన్నాయి. ఈ శాసనం పాఠం ఎన్నిసార్లు చెప్పానో! ఆ పగడాల్లో ఒక పూస నా మెడ దాకా రావచ్చని తట్టనే లేదు.

తరువాతి కథలో మన చంద్రగిరి కూడా ఉంది. 1639లో ఇంగ్లీషు వాళ్ళకు మద్రాసులో చోటిచ్చింది దామెర్ల నాయకులు. వాళ్ళు చంద్రగిరి రాయలకు సామంతులు. ఆ చోట కోట లేచాక లండను నుంచి, ఇటలీలోని లివోర్నో రేవు నుంచి యూదు వర్తకులు మద్రాసుకు పగడాలు పంపేవాళ్ళు. బదులుగా కొల్లూరు వంటి గనుల వజ్రాలు తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళలో కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. 1688లో మద్రాసు కార్పొరేషను పెట్టినప్పుడు యూదులకూ ఆల్డర్‌మన్ పదవులిచ్చారంటే వాళ్ళ పలుకుబడి చూడండి. జార్జిటౌనులో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది. అరవంలో పవళక్కార వీధి. అమ్మాయి పెళ్ళికి ఆ చుట్టుపక్కలే చీరలూ స్టీలు సామాన్లూ బేరమాడి, చెప్పులరిగేలా తిరిగాను. బోర్డు మీద పేరు చూడలేదు.

మన వజ్రాలు వాళ్ళ రాణుల కిరీటాలకెక్కాయని అందరం చెప్పుకుంటాం, బాధపడతాం. వాళ్ళ సముద్రపు కొమ్మ మన ఆడవాళ్ళ మంగళసూత్రాలకెక్కిన సంగతి చెప్పుకోం. బేరంలో ఎవరు నష్టపోయారంటే, వర్తకులు కాదనుకోండి.

పగడాన్ని చాలాకాలం మొక్క అనుకున్నారు. కొమ్మలుంటాయి, పువ్వుల్లాంటివి పూస్తాయి మరి. అవి పువ్వులు కావు, పురుగులు అని 1720లలో పెస్సోనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. అది లావెక్కేది ఏడాదికి అర మిల్లీమీటరు కూడా ఉండదు. శనగగింజంత పూస రావాలంటే కొమ్మ ఇరవై ఏళ్ళన్నా పెరగాలి. దాన్ని తీసే పద్ధతి మాత్రం మోటు. రెండు దూలాలు అడ్డంగా కట్టి, వలలు వేలాడదీసి, బరువు పెట్టి సముద్రం అడుగున ఈడ్చడమే. చిక్కింది చిక్కేది, విరిగింది విరిగేది. 1994లో యూరపు వాళ్ళు ఆ పద్ధతి మాన్పించారు.

ఈ పగడాల వెంట పడి పోతుంటే నా దీవి దొరికింది. పేరు సాన్ పియెత్రో. సార్డీనియా పక్కన చిన్న ముక్క. ఉన్న ఊరు ఒకటే, కార్లోఫోర్తె. జనం ఆరు వేలు. వాళ్ళ కథ చదివి, అమ్మాయికి అర్ధరాత్రి ఫోను చేసి "ఇక్కడికే" అన్నాను.

వాళ్ళు పగడాలు తీసే మనుషులు. సొంత ఊరు ఇటలీలో జెనోవా దగ్గర. పదహారో శతాబ్దంలో లోమెల్లీని అనే ధనిక కుటుంబం ట్యునీషియా ఒడ్డున టబార్కా అనే బుల్లి దీవిలో పగడాల హక్కు సంపాదించి వీళ్ళను అక్కడ దింపింది. రెండు వందల ఏళ్ళు అక్కడే పిల్లలు, పెళ్ళిళ్ళు, చావులు. పగడం తగ్గింది, జనం పెరిగారు. 1738లో సార్డీనియా రాజు కార్లో ఎమాన్యువేలె తన దగ్గర ఖాళీగా ఉన్న ఈ దీవి ఇస్తే కొందరు వచ్చి ఊరు కట్టుకున్నారు. రాజు పేరే ఊరికి పెట్టుకున్నారు. టబార్కాలో మిగిలినవాళ్ళను 1741లో ట్యూనిస్ ప్రభువు పట్టుకుని బానిసలను చేశాడు.

కొత్త ఊరికైనా నెమ్మది ఉందా అంటే, అదీ లేదు. 1798 సెప్టెంబరులో ఒక రాత్రి ట్యూనిస్ ఓడదొంగలు ఊరి మీద పడి దాదాపు 900 మందిని పట్టుకుపోయారు. ఆడవాళ్ళు, పిల్లలతో సహా. అయిదేళ్ళు. సొమ్ము కట్టి విడిపించుకునేసరికి 1803 అయింది. నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. పొయ్యి మీద కుండ పొయ్యి మీదే ఉండిపోయి ఉంటుంది కదా ఆ ఇళ్ళల్లో. పట్టుకుపోయిన రోజు ఏడేళ్ళ పిల్ల, తిరిగొచ్చేసరికి పన్నెండేళ్ళది. తన ఇల్లు గుర్తుపట్టిందో లేదో ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆ బానిసల్లో ఒకతనికి 1800 నవంబరు 15న ట్యునీషియా ఒడ్డున నల్ల చెక్క బొమ్మ ఒకటి దొరికింది. ఏ ఓడ ముందు భాగాన చెక్కిన బొమ్మో కావచ్చంటారు. వాళ్ళకది మేరీమాత. దాన్ని చుట్టూ చేరి మొక్కుకుంటూ మిగిలిన కాలమంతా గడిపి, విడుదలయ్యాక వెంట తెచ్చుకుని గుడి కట్టారు. బానిస కన్న అమ్మవారని ఆమె పేరు. ఇప్పటికీ ఏటా నవంబరు 15న పండగ. ఊరు రెండుసార్లు మారినా, ఇటలీ వదిలి అయిదు వందల ఏళ్ళు కావస్తున్నా ఇంట్లో పాత జెనోవా మాటే మాట్లాడతారట. కోస్తా నుంచి అరవదేశం వెళ్ళి తరాలు గడిచినా తెలుగు వదలని మధుర, కోయంబత్తూరు వాళ్ళు గుర్తొచ్చారు.

ఇక ఏర్పాట్లు. వీసాకు పింఛను పుస్తకం, బ్యాంకు లెక్కలు, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా, వేలిముద్రలు. దరఖాస్తులో వైవాహిక స్థితి అన్న గడి దగ్గర అమ్మాయి ఆగి, "నేను నింపుతాలే అమ్మా" అంది. నేనే నింపాను. చెన్నై నుంచి రోము, రోము నుంచి సార్డీనియాలో కాల్యరి, అక్కణ్ణుంచి గంటన్నర కారులో ఓడరేవు, ఆపైన ముప్పావుగంట పడవ. ఊరు టూనా చేపలకు ప్రసిద్ధి అని తెలిసి మొదట గుండె జారింది. తీరా చూస్తే, శనగపిండి నూనెతో కలిపి పళ్ళెంలో పోసి కాల్చే అట్టు ఒకటుందట. ఫరినాతా అని పేరు. కూరగాయలు వేసిన గోధుమరవ్వ వంటకం ఇంకొకటి, ట్యునీషియా నుంచి తెచ్చుకున్నది. ఇంక నాకేం భయం? అయినా చింతకాయ పచ్చడి పెడుతున్నాననుకోండి.

అమ్మాయి కోరికల్లా ఒక్కటే. "ఆ పగడాలు చెవులకు దిద్దులుగా చేయించుకుని రామ్మా." నేను ఔననలేదు, కాదనలేదు. కంసాలి దగ్గరికి ఒకసారి వెళ్ళి, గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చేశాను. మాత్రల డబ్బా మాత్రం చేతిసంచిలో పెట్టాను. ఆదివారం గదిలో అవి, మిగతా ఆరు గదుల్లో నా రక్తపోటు బిళ్ళలు.

నిన్న వదిన వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. పచ్చడి సీసాకు గుడ్డ సరిగా కట్టలేదని విప్పి మళ్ళీ కట్టింది. ఎప్పుడు పండగ అని అడిగింది. నవంబరు 15 అన్నాను. గోడమీది క్యాలెండరు దగ్గరికి పోయి, కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి చూసింది.

"కార్తీకమాసమే వదినా! పోతే పోయినావులే గానీ, పొద్దున్నే లేచి ఆ సముద్రంలో ఒక మునకెయ్యి. నా పేరు చెప్పి ఇంకొకటి."