నీడ ఎటు పోద్దో చూసి దిగాలి

అమెరికాలో ఉన్నప్పుడు ఒకసారి నలుగురం కలిసి మోటార్ హోమ్ ఒకటి అద్దెకి తీసుకుని అరిజోనా వైపు బయల్దేరాం. అదేనండీ, వంటిల్లూ మంచాలూ అన్నీ ఉన్న బస్సులాంటి బండి. ఉదయం పదింటికి క్యాంపు గ్రౌండుకి చేరాం. ఒక చెట్టు కింద చిక్కటి నీడ కనిపిస్తే "అబ్బ, మన అదృష్టం" అనుకుని దాని కిందే బండి పెట్టేశాం. మధ్యాహ్నం రెండయ్యేసరికి నీడ చెట్టుకి అవతలి పక్కకి వెళ్ళిపోయింది. మేము మాత్రం ఎండలో మాడుతున్నాం. ఏసీ గొణుగుతోంది కానీ చల్లబడటం లేదు. బండి పక్కన సాగదీసే గుడ్డ పందిరేమో పడమర వైపుంది. వాలిన ఎండ తిన్నగా దాని కిందకే దూరింది. నలుగురు ఇంజనీర్లం, అందరం ట్రిగొనామెట్రీ చదివినవాళ్ళమే!

ఆ రాత్రి మా తాతయ్య మాట గుర్తొచ్చింది. మాది కుసుమంచి దగ్గర. ఆయన చిన్నప్పుడు శ్రీరామనవమికి ఎడ్లబండ్లు కట్టుకుని భద్రాచలం పోయేవాళ్ళట. తెల్లవారుజామున కట్టడం, ఎండెక్కగానే విప్పడం, చల్లబడ్డాక మళ్ళీ కట్టడం. ఎక్కడ విప్పాలన్నది మాత్రం పెద్దవాళ్ళే చెప్పాలి. "ఇప్పుడున్న నీడ చూసి దిగితే ఎట్లరా, నీడ ఎటు పోద్దో చూసి దిగాలి. ముందు ఎడ్లకి, తర్వాత మనకి" అనేవాడు. పొద్దున నీడ చెట్టుకి పడమర ఉంటుంది, మధ్యాహ్నం దాటాక తూర్పుకి జరుగుతుంది. అంటే పగలంతా ఉండేవాడు చెట్టుకి తూర్పున దిగాలి. ఇంతే లెక్క. బడికెళ్ళని మనిషికి తెలిసింది, మాకు తెలియలేదు.

ఇంకో విశేషం. కుసుమంచి సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం దగ్గర్లో ఒకరోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఆ రోజుల్లో గోడ నీడ పన్నెండింటికి పనికిరాదు, తాటిచెట్టు నీడ ఒక మనిషికి కూడా చాలదు. గొడుగులా పరుచుకున్న మర్రి, చింత, మామిడి, వేప కావాలి. మన పాత దారుల పక్కన ఆ చెట్లే ఎందుకున్నాయో అర్థమైందా?

ఇది కొత్త సంగతేం కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండువేల రెండొందల ఏళ్ళ నాటివి. వాటిలో ఒకటి, దారుల వెంట బావులు తవ్వించాను, చెట్లు నాటించాను, పశువుల కోసం మనుషుల కోసం అని చెబుతుంది. గమనించండి, లెక్కలో పశువులూ ఉన్నాయి. తాతయ్య మాట కూడా అదేగా!

తర్వాత కాకతీయుల కాలానికి వద్దాం. అప్పటి ధర్మంలో సప్తసంతానాలని ఏడు ఉండేవి: కొడుకు, చెరువు, గుడి, తోట, అగ్రహారం, నిధి, కావ్యం. మనిషి పోయాక కూడా పేరు నిలబెట్టేవి ఇవి. అంటే తోట వేయించడం గుడి కట్టించడంతో సమానమన్నమాట. మా కుసుమంచిలో ఆ కాలపు గణపేశ్వరాలయం ఉంది, దాని దగ్గరే ముక్కంటేశ్వరాలయం కూడా. ఎనిమిది వందల ఏళ్ళయినా రాయి నిలబడే ఉంది. ములుగు దగ్గర 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, దాని పక్కన చెరువూ బతికే ఉంది. ఏడింటిలో గుడికి కాపలా ఉంది, చెరువుకి ఆయకట్టు ఉంది. తోటకే ఎవరూ లేరు.

తెలుగువాళ్ళ యాత్రల గురించి చెప్పుకునేటప్పుడు ఏనుగుల వీరాస్వామయ్యగారిని మర్చిపోకూడదు. 1830 మే 18న, అంటే సరిగ్గా ఎండాకాలం నడుమ, చెన్నపట్నం నుంచి పల్లకీలో బయల్దేరి కాశీ దాకా వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడాయన. వెంట సుమారు వందమంది. బోయీలు మోస్తుంటే, ఆ మోసేవాళ్ళకి ఎక్కడో ఒకచోట నీడా నీళ్ళూ దొరక్కపోతే యాత్ర ఆగిపోతుంది. "కాశీయాత్ర చరిత్ర" చదువుతుంటే మజిలీలే మజిలీలు. అప్పట్లో దారి అంటే రెండు ఊళ్ళని కలిపే గీత కాదు, ఒక నీడ నుంచి ఇంకో నీడకి వెళ్ళడం.

ఇప్పుడు? సూర్యాపేట-ఖమ్మం రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. నాలుగు వరుసలు చేశారు. ప్రయాణం సుఖమైంది, నేను కాదనను, నేనూ దాని మీదే ఏసీ వేసుకుని వెళ్తాను. మధ్యలో గన్నేరు మొక్కలు కూడా వేస్తున్నారు హైవేలకి. చూడ్డానికి బావుంటాయి. కానీ గన్నేరు కింద నిలబడి బస్సు కోసం ఎవరు ఎదురుచూస్తారు చెప్పండి? 2015లో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మంది దాకా పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్ళు, ముసలివాళ్ళు. మనలా అద్దాల వెనక కూర్చున్నవాళ్ళు కాదు.

హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా బీజాపూర్ వెళ్ళే రోడ్డు పక్కన నిజాం కాలం నాటి మర్రిచెట్లు 2021 నాటికి దాదాపు తొమ్మిది వందలుండేవి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేస్తామంటే కొందరు మామూలు పౌరులు 2021లో హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి అడ్డుకున్నారు. "అభివృద్ధికి అడ్డం పడుతున్నారు" అన్నవాళ్ళున్నారు. రోడ్డు ఇరుకై జరిగే ప్రమాదాల గురించి అక్కడి జనం చెప్పేది కూడా అబద్ధం కాదు. కానీ చెట్టు ఉండగానే రోడ్డు గీయడం ఇంజనీరింగు కాదా? మన వృత్తిలో పాత కోడు అర్థం కాకపోతే ముందు అదేం చేస్తోందో చూస్తాం, తర్వాతే తీసేస్తాం. చూడకుండా తీసేసినవాడి గతి ఏమవుతుందో మీకు తెలుసు.

అదే సంవత్సరం 2015లో హరితహారం కింద రోడ్ల పక్కన మొక్కలు చాలా నాటారు. మంచిదే. అయితే మొక్క వేరు, నీడ వేరు. మొక్క నాటడానికి ఒక రోజు చాలు, ఫొటో కూడా వస్తుంది. నీడకి ఏళ్ళకేళ్ళు పడుతుంది, నాటినవాడు దాని కింద కూర్చోకపోవచ్చు. అందుకేనేమో మనవాళ్ళు తోటని సంతానంలో కలిపారు. కొడుకుని కూడా అలాగే పెంచుతాం కదా, మనం లేని కాలం కోసం.

మొన్న ఊరెళ్ళినప్పుడు గణపేశ్వరాలయం బయట ఒక ముసలమ్మ పుచ్చకాయ ముక్కలు అమ్ముతోంది. పొద్దున గోడ పక్కన కూర్చుంది. నేను దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి బుట్ట ఎత్తుకుని అవతలి పక్కకి మారుతోంది. "ఎన్నిసార్లు మారతావు అవ్వా?" అన్నాను. "ఎండ ఎన్నిసార్లు మారితే అన్నిసార్లు" అంది.

ఈ వానాకాలం మా ఇంటి ముందు రోడ్డు పక్కన ఒక చింత నాటుదామనుకుంటున్నాను. రోడ్డుకి పడమర పక్కన. ఎందుకో మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి :)