ఇల్మ్, అమల్, ఒక క్రాంక్ సెన్సార్

పోయిన ఎండాకాలం పిడుగురాళ్ల నుంచి మాచవరం వస్తుంటే మా పాత డీజిల్ బండి దారిలోనే ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోదు. అరగంట చెట్టు నీడన కూర్చుంటే మళ్లీ స్టార్టయింది. ఊరు చేరేలోపు ఇదే తమాషా మూడుసార్లు.

మాచవరంలో షెడ్డు నడిపే పెద్దాయనను మేమంతా చాచా అంటాం. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగాడు: "గరమ్ అయ్యాక ఆగి, ఠండా అయ్యాక స్టార్ట్ అవుతోందా బేటా?"

"హా చాచా."

"అయితే క్రాంక్ సెన్సార్ మీదే నాకు షక్."

చాచా షెడ్డులో కాలుపెట్టిన జమానాలో డీజిల్ ఇంజిన్‌లో సెన్సార్ అనే మాటే లేదు. బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపులు పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. 1951లో బెంగళూరులో మైకో వచ్చింది. మన మిస్త్రీల నోట 'మైకో పంపు' అన్న మాట అలా పడిందే. ఆ పంపును ఇంజిన్ గేర్లే తిప్పేవి. ఏ క్షణాన ఎంత డీజిల్ పడాలో ఇనుమే చెప్పేది. గుర్తులు కలిపి టైమింగ్ పెట్టడం, పొగ రంగు చూసి, చప్పుడు విని మరజ్ పట్టడం ఉస్తాదు హునర్.

1997లో కార్లలోకి కామన్ రైల్ వచ్చింది. డీజిల్ ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయించడం మొదలైంది. మన దేశంలో పొగ మీద కానూన్ కూడా బిగుస్తూ వచ్చింది. భారత్ స్టేజ్ 3 దేశమంతటా 2010లో, స్టేజ్ 4 2017లో, స్టేజ్ 6 2020లో అమలయ్యాయి. సెన్సార్లు లేకుండా ఆ హద్దుల్లో నిలవడం ముష్కిల్.

క్రాంక్ సెన్సార్ లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ. ఎదురుగా క్రాంక్‌తో తిరిగే పళ్ల చక్రం. చాలా ఇంజిన్లలో 60 పళ్ల లెక్కలో రెండు తీసేసి 58 ఉంచుతారు. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ ఖాళీ వచ్చినప్పుడు క్రాంక్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. తీగ ఎక్కడో చిట్లితే వేడికి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. ఖబర్ అందకపోతే కంప్యూటర్ డీజిల్ వదలదు. మా బండికి జరిగింది ఇదే.

చాచా షక్‌ను సాబిత్ చేసింది ఆయన మనవడు. ఐటీఐ చదివిన పిల్లాడు. స్కానర్‌లో కోడ్ చూశాడు గానీ వెంటనే కొత్త సెన్సార్ తెమ్మనలేదు. తెగిన వైరు, తుప్పు పట్టిన ప్లగ్గు ఉన్నా అదే కోడ్ వస్తుందట. వైరింగ్ బొమ్మ చూసి రెండూ చెక్ చేశాడు. తర్వాత సెన్సార్‌కు మీటర్ పెట్టాడు. చల్లగా ఉంటే రీడింగ్ ఉంది, వేడెక్కితే లేదు. నరసరావుపేట నుంచి కొత్తది తెప్పించి, బ్యాటరీ వైరు తీసి, కూర్చునే చోటు తుడిచి బిగించాడు. విప్పాల్సింది ఒక్క బోల్టు.

ఆ క్రాంక్‌కు మన తారీఖ్‌లో పాత రిష్తా ఉంది. దియార్‌బకిర్ దర్బారులో పనిచేసిన అల్ జజరీ 1206లో యంత్రాల మీద ఒక కితాబ్ పూర్తిచేశాడు. నీళ్లు తోడే యంత్రంలో క్రాంక్ వాడటం అందులో బొమ్మతో సహా ఉంది. తాను స్వయంగా కారీగర్, రాసింది ఆలిమ్‌లా. ఆ కితాబ్ అరబీ పేరులోనే ఇల్మ్, అమల్ అనే రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి.

మన ఇళ్లలో ఆ రెండింటినీ విడదీశాం. చదువు అబ్బని పిల్లాణ్ని పన్నెండేళ్లకే షెడ్డుకు పంపాం. అప్పట్లో చేతి హునర్‌తో రోజీ నడిచింది. ఇప్పుడు వైరింగ్ బొమ్మ చదవలేని మిస్త్రీ దగ్గర పాత బండ్లే మిగులుతున్నాయి, ఆ పాత బండ్లలోకీ సెన్సార్లు వచ్చేశాయి. షెడ్డుకు పంపండి, అందులో శరమ్ లేదు. కానీ పది పాసయ్యాక, ఐటీఐలో చేర్చాక పంపండి. ఐటీఐ చదివిన పిల్లాణ్ని కూడా కొన్నేళ్లు ఉస్తాదు పక్కన కూర్చోబెట్టండి. వేడెక్కితే ఆగుతోందా అన్న సవాల్ ముందు అడిగింది చాచాయే, స్కానర్ కాదు.

చాయ్ తాగుతూ జజరీ సంగతి చెప్పాను. చాచా కితాబ్ పేరు మళ్లీ చెప్పించుకుని మనవడి వైపు తిరిగాడు. "సునా?" అన్నాడు.