సోలెడంటే ఎన్ని గ్రాములు?

మా బియ్యం డబ్బాలో మా అమ్మగారి నాటి ఇత్తడి సోల ఇప్పటికీ ఉంది. మొన్న మనవరాలు అమెరికా నుంచి ఫోన్ చేసి "తాతయ్యా, నానమ్మ సోలెడు అంటోంది, అంటే ఎన్ని గ్రాములు?" అని అడిగింది. "ఏ సరుకమ్మా?" అన్నాను. సోల సోలే కదా, సరుకుతో పనేమిటని దాని అనుమానం. చదువుకున్నవాళ్ళలో కూడా చాలామందిది ఇదే అనుమానం.

మా నాన్నగారి ఎక్కాల పుస్తకంలో రెండు వరసలుండేవి. తూకం వరస: 3 తులాలు పలం, 8 పలాలు సేరు, 5 సేర్లు వీశె, 8 వీశెలు మణుగు. కొలత వరస: 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. ఒక వరసలోంచి ఇంకో వరసలోకి దారి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. పైగా సేరు గందరగోళం ఒకటి. మన 24 తులాల సేరు 280 గ్రాములు, ఉత్తరాది 80 తులాల సేరు 933 గ్రాములు. తెలంగాణలో సేరంటే గింజలు కొలిచే పాత్ర కూడా.

అసలు మోసం కళ్ళంలో జరిగేది. గింజల్ని అంచుకు సమంగా కర్రతో గీసి కొలవచ్చు, గోపురంలా పోసీ కొలవచ్చు. నేను లెక్క వేసి చూశాను. 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు ఉన్న పాత్ర మీద గోపురం 30 డిగ్రీల వాలుతో నిలిస్తే సుమారు 19 శాతం అదనంగా వస్తుంది. సరిగ్గా అంతే పట్టే 15 సెంటీమీటర్ల వెడల్పు పాత్ర మీద 8 శాతమే. రెండు పాత్రల్లో నీళ్ళు పోసి చూస్తే సమానమే! అప్పు వసూలుకు వెడల్పు పాత్ర, అప్పు ఇవ్వడానికి ఇరుకు పాత్ర వాడితే చాలు, ఎవరూ పట్టుకోలేరు. కొలిచేవాడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అనడం మన ఆచారం. ఎవరికి లాభమో మాత్రం చెప్పడు.

ఫ్రాన్సులో 1789లో రైతులు రాసిన ఫిర్యాదుల్లోనూ జమీందారు కొలపాత్రల మీద గోడు కనిపిస్తుంది. 1795 ఏప్రిల్ 7 నాటి చట్టం, కరిగే మంచు దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీటి బరువే గ్రాము అంది. కొలతకూ తూకానికీ వంతెన అలా పడింది, కానీ అది నీళ్ళకు మాత్రమే. మన దేశంలో 1956లో చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి, 1962 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అప్పటినుంచి జనం "లీటరంటే కిలో" అని ఆ వంతెన మీద నూనెనీ పిండినీ కూడా నడిపిస్తున్నారు.

నేనూ నడిపించాను. ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక వంటశాల లెక్కలు ఆడిట్ చేశాను. నూనె లీటర్లలో వచ్చింది, ఖర్చు కిలోల్లో రాశారు. వెయ్యి లీటర్లకు 85 కిలోలు తక్కువైందని స్టోర్ కీపర్ మీద లోటు రాసేశాను. ఆయన రెండు నెలలు సంజాయిషీలు రాసుకున్నాడు. చివరికి ఒక లీటరు నూనె తెచ్చి నా బల్ల మీదే తూచాడు. ముల్లు 915 దగ్గర ఆగింది. నా బి.కాం. డిగ్రీలో సాంద్రత అనే మాట లేదు, కానీ ఆయనకు అది సమాధానం కాదు కదా.

ఇది పాత కథేమీ కాదు. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములు. వేడి చేస్తే నూనె ఉబ్బుతుంది. కొందరు తయారీదారులు ప్యాకెట్ మీద 60 డిగ్రీలని చిన్న అక్షరాల్లో వేసి, 26 గ్రాములు తక్కువ పోసి లీటరని అమ్మారు. ఏ అలమరలో నూనె 60 డిగ్రీలుంటుంది? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేయమని చెప్పి, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది.

మనవరాలి కోసం మా సోలను వంటింటి కాటా మీద పెట్టి అంచుకు గీసి తూచాను. నీళ్ళు 310 గ్రాములు, బియ్యం 257, గోధుమపిండి 165. అదే పిండిని నాలుగుసార్లు తట్టి నింపితే 192. ఉప్పు 370. కాగితం ఫోటో తీసి పంపాను. "తట్టాలా వద్దా?" అని తిరిగి అడిగింది. వాళ్ళ నానమ్మ తడుతుంది.