తిరుగుదారి ఉన్నవాళ్ల కల: ‘ది ఆల్కెమిస్ట్’ పాఠకుల్లో చీలికపై ఒక పరిశీలన

‘ది ఆల్కెమిస్ట్’ నచ్చినవాళ్లు పాఠకులుగా ఇంకా ఎదగనివాళ్లు, నచ్చనివాళ్లు సాహిత్యం లోతు తెలిసినవాళ్లు. పావులో కొయెలో మీద వచ్చిన విమర్శలో ఈ విభజన ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత తమకుందని కూడా విమర్శకులు అనుకోవడం లేదు. 1988లో పోర్చుగీసులో వెలువడి, 1993లో అలన్ క్లార్క్ ఇంగ్లీషు అనువాదంతో దేశదేశాలకూ పాకి, 80కి పైగా భాషల్లోకి వెళ్లిన నవల ఇది. ఇంతమంది చదివిన పుస్తకం మీద పాఠకులు రెండుగా ఎందుకు చీలారో అడగకుండా, వాళ్లకు మార్కులు వేసి పక్కన పెట్టడం పరిశోధన అనిపించుకోదు.

ఈ ధోరణికి గట్టి ప్రతినిధి బ్రెజిల్ చరిత్రకారుడు మారియో మాయెస్త్రి. పాసో ఫుందో విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఆయన, కొయెలో విజయానికి కారణాలు వెతుకుతూ 1999లో ఒక అధ్యయనం వెలువరించారు. కొయెలో కథలూ వ్యక్తిత్వ వికాస పుస్తకాలూ ప్రక్రియలుగా వేరైనా చేసే పని ఒకటేనని ఆయన తేల్చారు. పరాయీకరణకు లోనైన చైతన్యానికి మత్తు ఇవ్వడం, చలామణిలో ఉన్న నమ్మకాలనే మళ్లీ బలపరచి ఓదార్చడం ఆ పని. పాఠకుడు అప్పటికే తెరిచి ఉన్న తలుపులను బద్దలుకొట్టి, ఏదో కనుగొన్నానని మురిసిపోతాడట. వాదనలో పదును ఉంది. కానీ మాయెస్త్రి దృష్టిలో పాఠకుడంటే ఒకే అచ్చులో పోసిన మనిషి. చదివి విసుక్కున్నవాడికీ, ఇరవయ్యో ఏట నెత్తిన పెట్టుకుని ముప్పయ్యో ఏట అటకెక్కించినవాడికీ ఆ సిద్ధాంతంలో చోటు లేదు. మత్తే నిజమైతే అది కొందరికి ఎక్కి, కొందరికి ఎక్కకపోవడానికి, ఎక్కినవాళ్లలోనే కొందరికి దిగిపోవడానికి కారణం చెప్పాలి. ఆయన చెప్పలేదు. పుస్తకం చదివి పాఠకుణ్ణి ఊహించారు. పఠనంలో పాఠకుడి పాత్రను కేంద్రంగా తీసుకున్న సిద్ధాంతకారులు యాస్, ఐజర్ తర్వాత కూడా ఈ పద్ధతి చెల్లుబాటు కావడం ఆశ్చర్యం.

నా అనుమానం మొదలైంది హైదరాబాదులో. అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లతో ఈ నవల గురించి మాట్లాడుతూ వచ్చాను. లక్ష్మీకాంత్ ‘ఇండియన్ పాలిటీ’ పక్కన, కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్ల కింద, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ‘ఆల్కెమిస్ట్’ పాత ప్రతి కనబడడం అక్కడ మామూలే. మెచ్చినవాళ్లూ పెదవి విరిచినవాళ్లూ చదువులోగానీ ఇంగ్లీషులోగానీ సాహిత్య పరిచయంలోగానీ ఒకరికొకరు తీసిపోరు. ఒకే గదిలో ఉంటూ, ఒకే మెస్‌లో తింటూ, ఒకే ప్రతిని చేతులు మార్చుకుని చదివిన స్నేహితులు కూడా చెరో పక్షం. అలాంటప్పుడు అభిరుచి, విద్య అనే కొలతలతో ఈ చీలికను కొలవలేం.

మాటల మధ్య ఒక తేడా పదేపదే పైకి వచ్చింది. ఉద్యోగం రాకపోతే ఊరికి వెళ్లి ఏదో ఒకటి చేసుకోవచ్చన్న ధీమా ఉన్నవాళ్లు ఈ నవలను ఆప్యాయంగా తలచుకున్నారు. ఇంట్లో అప్పు చేసి పంపినవాళ్లు, వయోపరిమితి దగ్గరపడినవాళ్లు, ఈసారి కాకపోతే పెళ్లి చేసేస్తామని చెప్పించుకున్న అమ్మాయిలు దాన్ని పక్కకు నెట్టారు. చీలిక నడుస్తున్నది ఈ గీత మీదే. ఓడిపోతే తిరిగి వెళ్లడానికి దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ గీత పాఠకుల్లో ఊరికే పుట్టలేదు. నవల నిర్మాణంలోనే ఉంది. అది తెలియాలంటే కొయెలో వాడుకున్న పాత కథ దగ్గరికి వెళ్లాలి. దూరదేశంలో నిధి ఉందని కలగని వెళ్లినవాడికి, నిధి తన ఇంట్లోనే ఉందని అక్కడ మరొకడి కల ద్వారా తెలియడం జానపద కథల అంతర్జాతీయ సూచిలో 1645వ రకం. రూమీ ‘మస్నవి’ ఆరో సంపుటంలో ఉంది. ‘వెయ్యిన్నొక్క రాత్రులు’లో ఉంది. దాన్నే బోర్హెస్ తిరిగి చెప్పి 1935 నాటి తన సంపుటిలో చేర్చాడు. ఈ మూడింటిలోనూ కలగన్నవాడు ఆస్తి పోగొట్టుకున్నవాడు. రూమీ కథలో బాగ్దాదు మనిషి తండ్రి ఇచ్చిన ఆస్తి హారతి కర్పూరం చేసి, దిక్కుతోచక దేవుణ్ణి వేడుకున్నాక కల వస్తుంది. అరబ్బు కథలోనూ ఆస్తి పోయి, ఒళ్లు వంచితే తప్ప పూట గడవని స్థితిలో కల వస్తుంది. బోర్హెస్ మనిషికి తండ్రి ఇల్లు ఒక్కటే మిగిలింది. వీళ్లు కలను వెంటాడారనడం సరికాదు, అవసరమే వీళ్లను తరిమింది. దొంగ అనుకుని కొట్టిన దెబ్బలు తిన్నాక గానీ నిధి జాడ తెలియదు.

కొయెలో మార్చింది సరిగ్గా ఈ స్థితినే. పిరమిడ్ల దగ్గర నిధి ఉందని కలగన్న ఆండలూసియా గొర్రెల కాపరి సాంతియాగోకు లోటు లేదు. సెమినరీలో చదివాడు, దేశం తిరుగుతానంటే తండ్రి మూడు బంగారు నాణేలు ఇచ్చి పంపాడు, చేతిలో అరవై గొర్రెలున్నాయి. నిధికి దారి చెప్పే సాలెం రాజు మెల్కీసెదెకుకు దశమభాగంగా ఆరింటిని ఇచ్చి, మిగతావి అమ్మి టాంజియర్ వెళతాడు. అక్కడ దొంగ చేతిలో డబ్బంతా పోతుంది. నవలలో తిరుగుదారి నిజంగా మూసుకుపోయే మొదటి ఘట్టం ఇది. దాన్ని కొయెలో ఎలా దాటించాడో గమనించాలి. గాజుసామాను అంగడిలో దాదాపు ఏడాది పనిచేసేసరికి కుర్రాడి దగ్గర నూట ఇరవై గొర్రెలు కొనేంత డబ్బు, తిరుగు ప్రయాణానికి టికెట్ డబ్బు, వ్యాపార అనుమతికి కావలసిన సొమ్ము సమకూరుతాయి. ఏడాది వృథా పోలేదు సరికదా, మూలధనం రెట్టింపైంది. పిరమిడ్ల వైపు అడుగు వేసేటప్పుడు అతను ఏ క్షణంలోనైనా వెనక్కి వెళ్లగలడు, అదీ బయల్దేరినప్పటికంటే ధనికుడిగా. మనసారా కోరుకుంటే విశ్వమంతా తోడ్పడుతుందన్న నవల సూత్రానికి అడుగున ఉన్నది ఈ గొర్రెల లెక్క.

అదే అంగడి యజమాని సంగతి చూడండి. మక్కా యాత్ర అతని జీవితకాలపు కోరిక. డబ్బు ఉన్నా వెళ్లడు, ఆ కోరిక తీరిపోతే బతకడానికి ఇంకేం మిగులుతుందన్న భయం అతనిది. నచ్చిన పాఠకులు అతన్ని పిరికివాడన్నారు. నచ్చనివాళ్లలో ఎక్కువమందికి నవలలో నిజమనిపించిన మనిషి అతనొక్కడే. నేను చూసిన ఒక ప్రతిలో రాజు మాటల కింద ఎర్ర గీతలు వరుసగా ఉన్నాయి. టాంజియర్ దొంగతనం తర్వాత గీతలు ఆగిపోయాయి. అంగడి ఘట్టం మార్జిన్‌లో పెన్సిల్‌తో గది అద్దె, మెస్ బిల్లు, టెస్ట్ సిరీస్ ఫీజు కలిపిన కూడిక ఉంది. కాకతాళీయం అనేవాళ్లు అనవచ్చు. ఆ ఘట్టమే ఆ చేతిని లెక్కలోకి దింపిందని నా నమ్మకం.

తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగ పరీక్షల చరిత్ర ఈ లెక్కను మరింత స్పష్టం చేస్తుంది. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. సాంతియాగోకు టాంజియర్‌లో పోయిన ఏడాది లాభంతో తిరిగివచ్చింది. ఈ అభ్యర్థులకు పోయిన ఏళ్లను తిరిగి ఇచ్చే గాజు అంగడి లేదు. అలాంటివాళ్లు విశ్వం తోడ్పడుతుందన్న మాటను నమ్మకపోతే, అది సాహిత్య పరిణతి అనడమూ తప్పే, నిరాశావాదం అనడమూ తప్పే. అనుభవం నేర్పిన పఠనం అది.

ఈ గీతకు మినహాయింపులు లేకపోలేదు, దారులన్నీ మూసుకుపోయినా ఈ నవలను గుండెకు హత్తుకున్నవాళ్లు ఉన్నారు.

మాయెస్త్రి చూడని విషయం ఇప్పుడు తేటపడుతుంది. ఆయన మత్తు అన్నది నిజానికి పూచీకత్తు. పడిపోయినా పట్టుకునేవాళ్లున్న పాఠకుడు ఈ నవలలో తన భద్రతనే విశ్వం దయగా చదువుకుంటాడు. పట్టుకునేవాళ్లు లేని పాఠకుడు అదే పేజీలో తన పేరు లేని వీలునామా చదువుతాడు. కాబట్టి ఒకే మనిషి పక్షం మారడంలో వింత లేదు. ఉద్యోగం, అప్పు, పెళ్లి, పిల్లలు, ఇలా తిరుగుదారి ఇరుకైనప్పుడు చాలామందికి పుస్తకం నచ్చడం మానేస్తుంది. తెలుగులో దశాబ్దాలుగా రాజ్యమేలుతున్న వ్యక్తిత్వ వికాస సాహిత్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని నా అనుమానం. 2002లో బ్రెజిల్ సాహిత్య అకాడమీ కొయెలోను సభ్యుడిగా ఎన్నుకున్నా వివాదం చల్లారకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గౌరవాలు రచయిత స్థానాన్ని మార్చగలవు గానీ పాఠకుడి అప్పును తీర్చలేవు.

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పాఠకుల మీద జరిగే పరిశోధన పుస్తకం నచ్చినవాళ్లకు ప్రశ్నావళి ఇచ్చి ముగిస్తే చాలదు. ఏదైనా ప్రేరణ నవల మీద పని మొదలుపెట్టే పరిశోధకులు దాన్ని సగంలో ఆపేసినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి. ఏ పేజీలో ఆపారో, ఆ రోజుల్లో వాళ్ల ఇంటి పరిస్థితి ఏమిటో అడిగి రాసుకోవాలి. అభిరుచి గురించి తీర్పులు ఆ తర్వాత చెప్పవచ్చు.