హత్యకు గీత ఎక్కడ?

మనిషి చేతిలో మనిషి చనిపోతే జనం హత్య అనేస్తారు. చట్టం అంత తొందరగా ఆ మాట అనదు. ఒకప్పుడైతే ముందు ఆయుధాన్ని చూసేది. ఈస్టిండియా కంపెనీ పాలన మొదలైన నాటికి బెంగాల్లో నడిచింది ఇస్లామీయ హనఫీ న్యాయం. దాని మూలపురుషుడు అబూ హనీఫా అభిప్రాయం ప్రకారం కత్తిలాంటి ఆయుధంతో చంపితేనే ప్రాణానికి ప్రాణం. నీళ్లలో ముంచి చంపితే ఆ శిక్ష లేదు. 1790లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ దీన్ని మార్చాడు. ఆయుధం కాదు, చంపినవాడి ఉద్దేశం చూడమన్నాడు.

1837లో మెకాలే లా కమిషన్ శిక్షాస్మృతి ముసాయిదా రాసింది. అది 1860లో భారతీయ శిక్షాస్మృతిగా చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైంది. 299వ సెక్షన్ నేరపూరిత నరహత్యను, 300వ సెక్షన్ హత్యను నిర్వచించాయి. హత్యలన్నీ నరహత్యలే, నరహత్యలన్నీ హత్యలు కావు. చంపాలనే ఉద్దేశం ఉంటే సాధారణంగా అది హత్యే. కానీ హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొడితే ఆ క్షణాన చేసినదీ, ముందస్తు ఆలోచన లేని కొట్లాటలో జరిగినదీ కొన్ని షరతులకు లోబడి హత్య కిందికి రావు.

చిక్కంతా చంపాలనుకోకుండా కొట్టిన దెబ్బల దగ్గరే. 1958లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వివియన్ బోస్ దీన్ని తేల్చారు: ఆ గాయం చేయాలన్న ఉద్దేశం ఉండి, సహజంగా ప్రాణం తీయడానికి ఆ గాయం చాలినదైతే అది హత్యే.

ఈ సూత్రానికి అసలు పరీక్ష అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల ముఠా కక్షల్లో ఎదురైంది. 1968లో ఒక పెద్దాయనను బస్సు ఆగే చోట పట్టుకుని బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. మర్నాడు ఆయన చనిపోయారు. దెబ్బలు ఆయువుపట్ల మీద లేవు కాబట్టి హత్య కాదని హైకోర్టు శిక్ష తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి హత్యేనన్నది. జస్టిస్ సర్కారియా రాసిన ఆ తీర్పును లా విద్యార్థులు నేటికీ చదువుతారు. అది సరైన తీర్పు. పెద్దాయన కాళ్లూ చేతులూ నుగ్గుచేసినవాళ్లు తల మీద కొట్టలేదని తప్పించుకోకూడదు.

2024 జులై 1న ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నిర్వచనాలు దాదాపు యథాతథంగా 100, 101 సెక్షన్లకు మారాయి. కొత్తగా చేరింది మూకహత్య: కులం, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి చంపితే, అందులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం.