పద్యనాటక వేదికపై మైకు: ధ్వనినిర్వహణ విద్య – చారిత్రక పరిశీలన

తెలుగు నాటకరంగ చరిత్రలో నాటకకర్తకు, నటునికి, హార్మోనిస్టుకు, రంగాలంకరణ చేసినవారికి చోటు దక్కింది. నటుని కంఠాన్ని ప్రేక్షకుల చివరి వరుస దాకా చేర్చిన మైకు సెట్టు నిర్వాహకుని ప్రసక్తి మాత్రం అరుదు. ఆయన పనిని అద్దె సామగ్రి వ్యవహారంగా భావించారే తప్ప ఒక విద్యగా గుర్తించలేదు. అయితే పద్యనాటకం ప్రధానంగా శ్రవ్యానుభవం. వేలాదిమంది ఆ పద్యాన్ని విన్నది నటుని గొంతు నుంచి నేరుగా కాదు. మైకు, ఆంప్లిఫయరు, హారను అనే మూడు మజిలీలు దాటి వచ్చిన తరువాతే విన్నారు. ఆ మజిలీలు పద్యపఠనాన్ని ఏ మేరకు మార్చాయి, వాటిని నడిపే నేర్పు ఎలా సంక్రమించింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

మైకుకు పూర్వం

ప్రదర్శనలో ధ్వని సమస్య కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం రెండవ అధ్యాయం నాట్యగృహానికి కొలతలు నిర్దేశించింది. మధ్యమ పరిమాణం గల దీర్ఘచతురస్ర మండపం పొడవు 64 హస్తాలు, వెడల్పు 32 హస్తాలు. హస్తాన్ని అడుగున్నరగా లెక్కిస్తే అది సుమారు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అంతకు మించితే పాఠ్యం స్పష్టత కోల్పోతుందని, ముఖంలోని భావాలు కనిపించవని భరతుడు కారణం చెప్పాడు. నాట్యగృహం కొండగుహ ఆకారంలో ఉండాలని, గాలి జోరు లేకుండా చిన్న కిటికీలు ఉండాలని, అప్పుడే స్వరానికి గాంభీర్యం కలుగుతుందని కూడా సూచించాడు. అంటే ప్రేక్షకుల సంఖ్యకు హద్దు గీసింది మనిషి కంఠమే.

దేశి ప్రదర్శనలకు అటువంటి మండపాలు లేవు. ఆరుబయట ఆడే కళారూపాలు ధ్వని సమస్యను తమ నిర్మాణంలోనే పరిష్కరించుకున్నాయి. యక్షగానంలోను, బుర్రకథలోను ఉన్న వంతపాట ఇందుకు నిదర్శనం. కథకుడు పలికిన చరణాన్ని వంతలు తిరిగి అందుకోవడం వల్ల ఆయనకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మొదటిసారి వినబడని మాట రెండవసారి అనేక కంఠాలతో వినబడుతుంది. తోలుబొమ్మలాటలో ఆటగాళ్లు కాలికింది చెక్కను తొక్కి యుద్ధఘట్టాలకు ధ్వని సమకూర్చుకున్నారు. వంతపాటకు సంగీతపరమైన ప్రయోజనంతో పాటు శ్రవణపరమైన ప్రయోజనం కూడా ఉన్నదని ఊహించడానికి ఇవి ఆధారాలు.

1880లో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ ప్రదర్శనతో ఆధునిక తెలుగు నాటకం రంగమెక్కింది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి సమాజాలు కాలక్రమంలో తమ రంగశాలలను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగాయి. హార్మోనియం శ్రుతి ఆధారంగా తారస్థాయిలో పద్యం పాడటం ఈ దశలోనే స్థిరపడింది. హెచ్చు శ్రుతి నటుని ప్రతిభకు కొలమానం కాకముందు అది ఒక అవసరం. తారస్థాయి స్వరం గుంపు కలకలాన్ని చీల్చుకొని దూరం పోతుంది.

ఇక్కడ ఒక అపోహను పరిశీలించవలసి ఉన్నది. నటులు రాగాలను అతిగా సాగదీయడానికి, ‘వన్స్‌మోర్’ సంప్రదాయానికి మైకే కారణమని కొందరు భావిస్తారు. కాలక్రమం ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. 1946లో మరణించిన బళ్లారి రాఘవ తన జీవితకాలంలోనే పద్యాలాపన మితిమీరి సహజనటనను దెబ్బతీస్తున్నదని వాదించారు. మైకు సెట్లు పల్లెలకు విస్తరించక ముందే ఆ ధోరణి ఉన్నది. మైకు దానిని సృష్టించలేదు. దాని అవసరం తీరిపోయిన తరువాత కూడా అది నిలవడానికి తోడ్పడింది. గొంతు చించుకోవలసిన అగత్యం లేని కాలంలోను శ్రుతి తగ్గలేదు, ఎందుకంటే అప్పటికే ప్రేక్షకుల చెవి ఆ స్థాయికి అలవాటుపడింది. అవసరంగా పుట్టినది అభిరుచిగా మిగిలింది.

మైకు రాక

1915 డిసెంబరులో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు సాంకేతికులు శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో తాము రూపొందించిన లౌడ్‌స్పీకరును జనసందోహం ముందు ప్రదర్శించారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగోలో వేలాదిమందిని ఉద్దేశించి దాని సాయంతో ప్రసంగించాడు. భారతదేశంలో 1930ల నాటి కాంగ్రెసు మహాసభలు లౌడ్‌స్పీకరును సామాన్య జనానికి పరిచయం చేశాయి. 1940లో ఢిల్లీలో ఆరంభమైన అహూజా సంస్థ ఆంప్లిఫయర్లు, హారన్లు అనంతర దశాబ్దాలలో పల్లెల దాకా చేరాయి. విద్యుత్తు లేని ఊళ్లలో వీటిని బ్యాటరీలతో నడిపారు.

ఇదే కాలంలో రేడియో కూడా తెలుగువారి చెవికి మైకును అలవాటు చేసింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమయ్యాయి. అయితే స్టూడియో మైకుకు, వేదిక మైకుకు మౌలికమైన భేదం ఉన్నది. స్టూడియోలో గది నిశ్శబ్దంగా ఉంటుంది. కళాకారుడు మైకుకు అనుగుణంగా గొంతు తగ్గించుకుంటాడు. పొరపాటు దొర్లితే నాటకాన్ని మళ్లీ రికార్డు చేయవచ్చు. వేదికపై ఆ రెండు సౌకర్యాలూ లేవు. నటుడు తన గొంతును మార్చుకోడు. నిర్వాహకుడే నటునికి అనుగుణంగా మీట తిప్పాలి. 1960లో పూనాలో ఏర్పడిన ఫిలిం సంస్థ వంటివి శబ్దగ్రహణాన్ని పాఠ్యాంశంగా బోధించినా, అది ప్రధానంగా సినిమాకు సంబంధించిన విద్య. వేదిక విద్యకు అద్దె మైకు సెట్టు దుకాణమే పాఠశాల అయింది.

అభ్యాస క్రమం

ఆ పాఠశాలలో గ్రంథం లేదు, పరీక్ష లేదు. చేరిన కుర్రవానికి మొదటి పని వైర్లు చుట్టడం, స్తంభాలకు, చెట్లకు హారన్లు కట్టడం. ఏ హారను ఎటు తిరగాలో, ఎంత ఎత్తున ఉండాలో అక్కడే తెలుస్తుంది. హారన్లు వేదికకు ముందువైపున ఉండి జనం వైపు తిరగాలి. లేకపోతే హారను నుంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో పడి, పెరిగి, కీచుమనే కూతగా మారుతుంది. రెండవ దశ ఆంప్లిఫయరుకు హారన్లను జతచేయడం. దూరపు తీగలపై నడిచే హారన్లన్నింటి వాట్ల మొత్తం ఆంప్లిఫయరు శక్తిని మించరాదు. కూడిక తెలియనివాడు యజమాని సొత్తును కాల్చివేస్తాడు. మీటలపై చేయి వేసే అధికారం చివరి దశ.

ఆ చివరి దశలో నేర్వవలసినది యంత్రం కాదు, నాటకం. ‘హలో, మైక్ టెస్టింగ్’ అని పలికి సరిచూసుకున్న మీట మాటకు సరిపోతుంది కాని పద్యానికి సరిపోదు. వచనం పలుకుతున్న నటుడు పద్యం ఎత్తుకోగానే ధ్వని ఒక్కసారిగా హెచ్చుతుంది. హార్మోనిస్టు శ్రుతి అందించడం నిర్వాహకునికి సంకేతం. రాగం తారస్థాయికి చేరకముందే మీట తగ్గాలి, వచనం మొదలుకాగానే తిరిగి హెచ్చాలి. ఏ పద్యం తరువాత ఏ పద్యం వస్తుందో తెలియనివాడు ఈ పని చేయలేడు. కనుక మంచి నిర్వాహకుడు నాటకాన్ని వరుసగా ఎరిగిన శ్రోత కూడా కావాలి.

బహిరంగ స్థలంలో ధ్వని మూలానికి, మైకుకు మధ్య దూరం రెట్టింపైతే ధ్వనిస్థాయి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఈ ఒక్క సూత్రం పద్యనాటకంలో నటుల కదలికలను శాసించింది. ‘పాండవోద్యోగం’లోని పడకసీను ఇందుకు మంచి ఉదాహరణ. కృష్ణుడు పాన్పుపై శయనించి ఉంటాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. ముగ్గురూ పద్యాలు పాడవలసినవారే. వేదికపై ఒకే మైకు ఉన్నప్పుడు ఎవరి పద్యం వస్తే వారు మైకు దగ్గరకు నడవాలి. లేదా పైనుంచి మైకును వేలాడదీసి, దూరం వల్ల కలిగే లోటును మీట పెంచి పూరించాలి. మీట పెంచితే కూత భయం, హార్మోనియం, తబలాల ఆధిక్యం. ఈ రెండు కష్టాల మధ్య ఎక్కువమంది నటులు మొదటి మార్గాన్నే ఎంచుకున్నారు. మైకు ముందు నిలిచి, ఎదుటి పాత్రను గాక ప్రేక్షకులను చూస్తూ పాడే పద్ధతి బలపడటానికి ఇదొక కారణం.

బుర్రకథలో సమస్య వేరు. కథకుడు తంబుర మీటుతూ, అడుగులు వేస్తూ ముందుకు వెనక్కు కదులుతాడు. ఇరువైపుల వంతలు గుమ్మెట వాయిస్తూ తందాన పలుకుతారు. కథకుడు మైకుకు దూరమైన క్షణంలో వంతల మైకులు కథకుని మాటకంటె గుమ్మెట నాదాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. కథకుని అడుగుల లయ తెలిసిన నిర్వాహకుడే ఆ మీటలను సమయానికి సర్దగలడు.

ఛందస్సు – కాలవ్యవధి

లౌడ్‌స్పీకర్ల మధ్య దూరం పద్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో లెక్కకట్టవచ్చు. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. శ్రోత పక్కన ఒక హారను, అతనికి 170 మీటర్ల దూరాన మరొక హారను ఉంటే, ఒకే అక్షరం అర సెకను ఎడంతో రెండుసార్లు వినబడుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. యతిస్థానం పదవ అక్షరం. నటుడు సెకనుకు నాలుగు అక్షరాల చొప్పున చదివితే, దగ్గరి హారను నుంచి పదవ అక్షరం వినబడే క్షణాన దూరపు హారను నుంచి ఎనిమిదవ అక్షరం వచ్చి చేరుతుంది. యతిమైత్రి చెవికి అందవలసిన చోటనే అక్షరాలు కలగాపులగమవుతాయి. దీర్ఘసమాసం ఉంటే అర్థమే చెదురుతుంది. నటుడు రాగంతో అక్షరాన్ని నిలిపితే మాత్రం రెండు ధ్వనులూ ఒకే స్వరంపై కలిసి వినసొంపుగా ఉంటాయి. అంటే అనేక హారన్ల ఏర్పాటు స్పష్టమైన పఠనాన్ని శిక్షించి, సాగదీసిన ఆలాపనను మన్నించింది. శ్రుతి విషయంలో లాగానే ఇక్కడ కూడా యంత్రం పాత అలవాటుకే ఊతమిచ్చింది.

నవీన దశ

1966లో వెలువడిన షూర్ ఎస్‌ఎం 58 వంటి మైకులు ప్రపంచమంతటా వేదికలపై స్థిరపడ్డాయి. అవి ఎదుటి ధ్వనిని ఎక్కువగా, వెనుక ధ్వనిని తక్కువగా గ్రహిస్తాయి. 1992లో ఫ్రాన్సుకు చెందిన ఎల్ అకౌస్టిక్స్ సంస్థ ప్రవేశపెట్టిన లైన్ ఎరే విధానం నిలువు వరుసగా వేలాడే స్పీకర్లతో దూరపు వరుసలకు కూడా స్పష్టమైన ధ్వనిని చేర్చింది. వేర్వేరు హారన్ల మధ్య కాలవ్యవధిని సరిదిద్దే డిజిటల్ సాధనాలు వచ్చాయి. తీగ లేని కాలరు మైకు నటుని స్టాండు నుంచి విడిపించింది. అయితే హారాలు, కవచాలు మైకుకు ఒరుసుకోవడం, చెమట తేమ వంటి కొత్త చిక్కులు పౌరాణిక వేషంతో పాటే వచ్చాయి.

చట్టం కూడా ఈ విద్యను మార్చింది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ స్థలాలలో లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని నిషేధించాయి. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నది. నిద్రపోయేవారి హక్కు కాదనలేనిది. కాని తెల్లవార్లూ సాగే నాటకానికి ఇది కాలపరిమితిని విధించింది. ధ్వనిని ఊరంతా వినిపించడం గాక, కూర్చున్నవారికే స్పష్టంగా వినిపించడం ఇప్పుడు నిర్వాహకుని నేర్పుకు కొలమానం. భరతుడు మండపానికి గీసిన హద్దు మరో రూపంలో తిరిగి వచ్చినట్లయింది.

ముగింపు

పై పరిశీలన నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మైకు పద్యనాటకానికి బయటి ఉపకరణం కాదు. నటుని నిలకడను, చూపును, ఆలాపనను ప్రభావితం చేసిన అంతర్భాగం. అందువల్ల వేదికపై రికార్డయిన పాత పద్యనాటకాల క్యాసెట్ల ఆధారంగా నటుల గానశైలిని నిర్ణయించే పరిశోధకులు, తాము వింటున్నది నటుని కంఠంతో పాటు మైకు స్థానాన్ని, మీట తిప్పిన చేతిని కూడా అని గుర్తించాలి. ఒక పద్యం చివర గొంతు క్షీణించినట్లు వినబడితే అది నటుని అలసట కావచ్చు, మైకు నుంచి వెనక్కు వేసిన అడుగు కావచ్చు.

రెండవది, ఈ విద్య ఇంతకాలం చూసి, విని నేర్చుకున్నదే గనుక, దానిని ఎరిగినవారితోనే అంతరించే ప్రమాదం ఉన్నది. కొత్త సాధనాలు నేర్పే శిక్షణలు మిక్సరును, కంప్యూటరును బోధిస్తాయి. పద్యం ఎక్కడ ఎత్తుకుంటారో, రాగం ఎక్కడ తారస్థాయిని అందుకుంటుందో బోధించవు. రంగస్థల శాఖలు, తెలుగు శాఖలు కలిసి వృద్ధులైన మైకు సెట్టు నిర్వాహకుల అనుభవాలను సేకరించి భద్రపరచడం తక్షణ కర్తవ్యం. నాటకసమాజాల కరపత్రాలను, నటుల స్వీయచరిత్రలను భద్రపరచుకున్న సాహిత్యచరిత్ర, వారి గొంతును జనానికి చేర్చిన చేతులను విస్మరిస్తే అసమగ్రంగానే మిగులుతుంది.