64 కిలోబైట్లలో ఒక ఒపేరా: ‘ఫైనల్ ఫాంటసీ 6’ చిత్రకళ, సంగీతం

మంచు కురుస్తున్న రాత్రి. మూడు భారీ యంత్రకవచాలు ఒక కొండ పట్టణం వైపు మెల్లగా నడుస్తుంటాయి. సంభాషణలు లేవు. తెర మీద రూపకర్తల పేర్లు వచ్చి పోతుంటే, వెనుక ఒక విషాదపు బాణీ సాగుతుంది. 1994 ఏప్రిల్ 2న జపాన్‌లో విడుదలైన ‘ఫైనల్ ఫాంటసీ 6’ ఆరంభ దృశ్యమిది. ఆటగాడు ఒక పాత్రను స్వీకరించి సుదీర్ఘ కథలో ప్రయాణించే ‘రోల్ ప్లేయింగ్’ వీడియో గేముల్లో వాతావరణ కల్పనకు ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

నింటెండో వారి సూపర్ ఫామికామ్ యంత్రం కోసం స్క్వేర్ సంస్థ దీనిని రూపొందించింది. ఆట మొత్తం ఇమిడిన కార్ట్రిడ్జ్ పరిమాణం 3 మెగాబైట్లు. నేడు ఫోన్‌తో తీసే ఒక్క ఫొటోకే అంత చోటు కావాలి. శబ్దానికి కేటాయించిన మెమరీ 64 కిలోబైట్లు. ఏకకాలంలో 8 ధ్వనులకు మించి పలకవు. కత్తుల చప్పుడైనా, పిడుగుపాటైనా ఆ ఎనిమిదిలో నుంచే రావాలి.

సంగీతకర్త నోబువో ఉయెమట్సు ఎవరి వద్దా శిక్షణ పొందకుండా, స్వయంకృషితో సంగీతం నేర్చుకున్నవారు. ఆటలోని 14 ప్రధాన పాత్రల్లో దాదాపు అందరికీ ఆయన వేర్వేరు బాణీలు కూర్చారు. కూచిపూడిలో ప్రవేశ దరువు వినగానే రంగం మీదికి వచ్చేదెవరో ప్రేక్షకుడికి తెలిసినట్లే, ఇక్కడ బాణీయే పాత్రను పరిచయం చేస్తుంది. అది అలంకారం కాదు, అవసరం. తెర మీద ఒక్కో మనిషి 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు మాత్రమే. తల వంచడం, చేతులెత్తడం, వేలు ఊపడం వంటి కొద్దిపాటి కదలికలే అతని అభినయం. ముఖం చూపలేని దుఃఖాన్ని సంగీతం మోయవలసి వచ్చింది.

చిత్రకారుడు యోషిటాకా అమానో సిరా, నీటిరంగులతో గీసిన మూల చిత్రాలు మరొక లోకం. పాలిపోయిన ముఖాలు, గాలికి తేలే వస్త్రాలు, పొగలా కరిగిపోయే రేఖలు. ఆ సౌకుమార్యం చుక్కల బొమ్మలో ఇమడదు. అట్ట మీద, పుస్తికలో ఆ చిత్రాలను చూసిన ఆటగాడు, తెర మీది చిన్న బొమ్మలో వాటిని ఊహించుకునేవాడు.

కథ నడుమ ప్రపంచమే ధ్వంసమవుతుంది. ఏడాది తర్వాత సెలెస్ అనే వీరవనిత నిర్జన ద్వీపంలో కళ్లు తెరుస్తుంది. నేల గోధుమరంగుకు మారి ఉంటుంది. ఇంతకుముందు దేశాటనలో వినిపించిన బాణీ మాయమై, గాలి హోరు, ఆర్గన్ నాదం మిగులుతాయి. ఆమెకు గగననౌక దొరికి, విడిపోయిన మిత్రుల అన్వేషణ మొదలయ్యే వరకూ ఆ సంగీతం మారదు. ఆశ తిరిగి పుట్టిందన్న సంగతి ఆటగాడికి మొదట చెవికే తెలుస్తుంది.

ఇక ఒపేరా ఘట్టం. అదే సెలెస్ ఒక గాయని స్థానంలో రంగస్థలమెక్కుతుంది. పాట చరణాలను ఆటగాడు గుర్తుంచుకొని, సరైన పంక్తిని ఎంచుకోవాలి. ఆ చిప్‌కు పాట పాడే శక్తి లేదు. గొంతును పోలిన ఒక కృత్రిమ నాదం స్వరాన్ని పలికితే, సాహిత్యం తెర మీద అక్షరాలుగా కదిలేది. 2022లో వచ్చిన నవీకరించిన రూపంలో గాయనీగాయకులు నిజంగానే పాడారు. గానం శ్రావ్యంగానే ఉంది. కానీ వినేవాడు మనసులో పూరించుకున్న గొంతుకు అక్కడ చోటు లేకుండా పోయింది.

ఈ ప్రశ్న ఒక్క ఆటకు పరిమితం కాదు. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ఆరంభ కవాతులో, భారత బృందంతో సహా దేశాలన్నీ నడిచింది ‘డ్రాగన్ క్వెస్ట్’, ‘ఫైనల్ ఫాంటసీ’, ‘క్రోనో ట్రిగ్గర్’ వంటి ఆటల సంగీతానికే. గౌరవం దక్కింది, మూల కృతులు మాత్రం అందుబాటులో ఉండటం లేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్‌లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది.

దొరికినవీ ఒకేలా కనబడవు. నాటి చిత్రకారులు పిక్చర్ ట్యూబ్ టీవీ కోసం గీశారు. ఆ గాజు తెర మీద పక్కపక్క చుక్కల రంగులు ఒకదానిలోకొకటి ఒరిగి నునుపుదేరేవి. నేటి చదును తెర మీద అవే చుక్కలు గళ్లుగా విడివడి కనిపిస్తాయి. అందుకే పాత కార్ట్రిడ్జ్‌తో పాటు, పాత సామాన్ల దుకాణాల్లో బరువైన పిక్చర్ ట్యూబ్ టీవీల కోసం వెదికే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు.